బండి నేర్చుకునేవాళ్లు ముందు ఆపడం నేర్చుకోండి: తిరుపతి, చిత్తూరు కొత్త రైడర్లకు పది గంటల కోర్సు

తిరుపతిలో అయినా చిత్తూరులో అయినా బైకు నేర్పే తీరు ఇంచుమించు ఒకటే. అన్నో, మేనమామో, పక్కింటి కుర్రాడో వెనక కూర్చుని "క్లచ్ మెల్లగా వదులు, ఎక్సలేటర్ ఇయ్యి" అంటూ ఉంటాడు. నాలుగు రోజుల్లో బండి కదులుతుంది, వారంలో గేర్లు పడతాయి. ఆ తర్వాత ఆర్టీఓ ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు కాలు కింద పెట్టకుండా బండితో ఎనిమిది అంకె వేస్తే లైసెన్సు వచ్చేస్తుంది. ఇంత తతంగంలో 40 మీద వెళ్తున్న బండిని పడిపోకుండా ఎంత తక్కువ దూరంలో ఆపాలో చెప్పేవాళ్లే ఉండరు. ఎనిమిది వేయడం బ్యాలెన్సు పరీక్ష, గంటకు పది కిలోమీటర్ల లోపు జరిగే పని. ప్రాణం మీదికి వచ్చేది ఆ వేగంలో కాదు.

అందుకే ఇక్కడ చెప్పే కోర్సులో బ్రేకులకే ఒక ఉదయం మొత్తం. రోజుకు రెండు గంటల చొప్పున ఐదు ఉదయాలు చాలు. డబ్బు కట్టి డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నా, ఇంట్లోవాళ్ల దగ్గర నేర్చుకున్నా ఇదే వరసలో చేయండి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి

మన దగ్గర డ్రైవింగ్ స్కూళ్లు ఎక్కువగా కార్ల మీదే నడుస్తాయి. బైకు, స్కూటీ నేర్పడం వాళ్లకు పక్కపని. ఫీజు ఎంత అని అడిగేముందు, ముందు చక్రం బ్రేకు ఎన్నో రోజు నేర్పుతారని అడగండి. "ముందు బ్రేకు జోలికి పోవద్దు, పల్టీ కొడతావు" అంటే అక్కడ నుంచి లేచి వచ్చేయండి. ఖాళీ స్థలం ఉందా, మొదటి రోజే రోడ్డెక్కిస్తారా, ఒక్కో బండికి ఎంతమంది అన్నవి తర్వాతి ప్రశ్నలు. బండికి ఇద్దరు మించితే మీ రెండు గంటల్లో గంటన్నర నిలబడి చూడడమే అవుతుంది.

ఆడవాళ్లకు స్కూటీ నేర్పేచోట ఒక అలవాటు ఎక్కువ కనిపిస్తుంది. ట్రైనర్ వెనక కూర్చుని చేతులు ముందుకు చాపి తనే హ్యాండిల్ పట్టుకుంటారు. పది రోజులైనా బ్యాలెన్సు ట్రైనర్‌దే, బ్రేకు కూడా ట్రైనర్‌దే. నేర్చుకునేవాళ్లు ఒంటరిగా బండెక్కిన రోజు మళ్లీ మొదటికి వస్తారు. మొదటి రోజు నుంచీ నేర్పేవాళ్లు పక్కన నిలబడి చెప్పాలి, బండి మీద మీరొక్కరే ఉండాలి.

ఎల్ఎల్ఆర్, వయసు

రోడ్డెక్కే ముందే ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకు ఇచ్చే లైసెన్సు, తీసుకోండి. ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లొచ్చు. బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర 'ఎల్' అక్షరం ఉండాలి. నేర్పేవాళ్లను తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదు.

గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకే లైసెన్సు ఇస్తారు కదా అని చాలామంది తల్లిదండ్రులు ఇంటర్ చదివే పిల్లల చేతికి స్కూటీ ఇచ్చేస్తున్నారు. ఆ లైసెన్సు 50 సీసీ లోపు గేర్లు లేని బండికి మాత్రమే. ఇప్పుడు ఇళ్లలో ఉన్న స్కూటీలు చాలావరకు 110, 125 సీసీవి, అంటే ఆ లైసెన్సు వాటికి పనికిరాదు. మైనర్ పట్టుబడితే తల్లిదండ్రులకు గానీ బండి యజమానికి గానీ 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది.

హెల్మెట్, బట్టలు, బండి

ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్టే కొనండి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనివి అమ్మడం కూడా నేరం, అయినా రోడ్డు పక్కన దొరుకుతూనే ఉన్నాయి. సైజు చూడడానికి మూడు పనులు చేయండి. పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పితే హెల్మెట్ కూడా తలతోపాటే తిరగాలి. బుగ్గలు కొద్దిగా నొక్కుకున్నట్టు ఉండాలి. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు లాగితే ఊడి రాకూడదు. చివరిదే అసలు పరీక్ష, షాపులో ఎవరూ చేయరు. పట్టీ పెట్టుకోకపోతే పడ్డప్పుడు తల కంటే ముందు హెల్మెట్టే ఎగిరిపోతుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మాకోల్ అణిగిపోయి ఉంటుంది, మార్చేయాలి. నల్ల అద్దం ఉన్నది రాత్రిళ్లు వద్దు. వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి. లేకపోతే 1,000 రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్సు రద్దు.

మడమ కప్పే బూట్లు, మందపాటి ప్యాంటు, పూర్తి చేతుల చొక్కా. చున్నీ ఉంటే ముడి వేసి చొక్కా లోపలికి దోపేయండి. నేర్చుకునే రోజుల్లో చీర వద్దు.

నేర్చుకోవడానికి 100 నుంచి 125 సీసీ బండి సరిపోతుంది. 110 కిలోల బరువున్న బండి ఒరిగినా కాలితో ఆపుకోవచ్చు. 190 కిలోలు దాటే బుల్లెట్ ఒరగడం మొదలైతే కొత్తవాళ్ల చేతిలో ఆగదు. ఒక జాగ్రత్త: గేర్లు అన్ని బండ్లకూ ఒకే తీరుగా ఉండవు. స్ప్లెండర్ లాంటివాటికి అన్నీ ముందుకు తొక్కడమే. పల్సర్ లాంటివాటికి ఒకటి కిందికి, మిగతావి పైకి. ఒకదాని మీద నేర్చుకుని ఇంకోదాని మీద పరీక్షకు వెళ్తే, గేరు తగ్గించబోయి పెంచేస్తారు.

రోజూ బండి తీసే ముందు గాలి, బ్రేకులు, చైను, లైట్లు చూడండి. ఒక్కరే ఎక్కే 100-150 సీసీ బండ్లలో చాలావాటికి ముందు టైరుకు 25, వెనక టైరుకు 28 పాయింట్లు గాలి. మీ బండికి ఎంతో చైను కవరు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది. చైను మధ్యలో వేలితో ఎత్తితే రెండు, మూడు సెంటీమీటర్లు ఆడాలి. బిగుసుకున్నా, వేలాడినా మెకానిక్ దగ్గరికి. ముందు బ్రేకు లివర్ హ్యాండిల్‌కు ఆనుకునేదాకా వచ్చేస్తోందంటే ఆ రోజు క్లాసు లేదు.

ఎక్కడ

మన ఊళ్లలో స్కూలు గ్రౌండులో నేర్పడం ఆనవాయితీ. క్లచ్ నేర్చుకోవడానికి మట్టి గ్రౌండు బాగానే ఉంటుంది, బ్రేకులకు మాత్రం కుదరదు. ఇసుక, మట్టి మీద ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం బిగుసుకుని జారుతుంది, "ముందు బ్రేకు ప్రమాదం" అన్న మాట పుట్టేదీ అక్కడే. ఇప్పుడు రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు, చిత్తూరు శివార్లలో తారు రోడ్లు వేసి ఇళ్లు కట్టని వెంచర్లు బోలెడున్నాయి. వాచ్‌మన్‌కు చెప్పి ఉదయం ఆరింటికి వెళ్లండి. 60 మీటర్ల నేరు దారి ఉంటే చాలు. ముందు ఒక చీపురుతో గులకరాళ్లు ఊడ్చేయండి. గుర్తులకు కోన్లు అక్కర్లేదు, సగం నీళ్లు పోసిన ప్లాస్టిక్ బాటిళ్లు పెట్టుకోండి. ముగ్గుపిండితో గీతలు వేసేవాళ్లు ఉంటారు. వేస్తే చుక్కలే పెట్టండి, అదీ టైరు నడిచే దారికి పక్కన. ముగ్గు మీద టైరు జారుతుంది.

మొదటి ఉదయం: ఇంజన్ ఆపి, తర్వాత క్లచ్

మొదటి అరగంట తాళం తిప్పే పనే లేదు. ఎడమ వైపు నిలబడి ముందు బ్రేకు పట్టుకుని ఎక్కడం, సైడ్ స్టాండ్ తీయడం, మెయిన్ స్టాండ్ వేయడం, న్యూట్రల్‌లో బండిని పది మీటర్లు తోసి బ్రేకుతో ఆపడం. కళ్లు మూసుకుని హారన్, ఇండికేటర్, డిప్పర్, ఇంజన్ ఆఫ్ స్విచ్ తడిమి పట్టుకోగలగాలి. సైడ్ స్టాండ్ దించి ఉండగా ఎడమకు తిరిగితే అది రోడ్డుకు తగిలి బండిని ఎత్తి పడేస్తుంది. కొత్త బండ్లు చాలావరకు స్టాండ్ దించి ఉంటే కదలవు, ఇంట్లో ఉన్న పాత బండికి ఆ సౌకర్యం ఉండదు.

తర్వాత ఫస్ట్ గేరు. రెండు కాళ్లూ నేల మీదే ఉంచి, ఎక్సలేటర్ ముట్టుకోకుండా, క్లచ్‌ను మెల్లగా వదులుతూ పోండి. ఒకచోట ఇంజన్ శబ్దం కొంచెం తగ్గి బండి ముందుకు గుంజుతుంది. క్లచ్ పట్టేది అక్కడే. అక్కడే ఆపి, మళ్లీ పట్టేయండి. ఇలా ఇరవై సార్లు. బండి అడుగు ముందుకు కదిలి ఆగాలి, అంతే. బండి ఎగిరి దూకి ఆగిపోవడానికి కారణం ఆ చోటు దాటాక వేళ్లన్నీ ఒక్కసారిగా వదిలేయడమే. ఆ చోటుకు వచ్చాక చేతిని రెండు సెకన్లు కదలనివ్వకుండా ఉంచితే ఆ సమస్య పోతుంది. చెయ్యి నొప్పి పుడుతుంది, పర్వాలేదు, మధ్యలో పది నిమిషాలు ఆగి నీళ్లు తాగండి.

చివరి అరగంట 30 మీటర్లు నేరుగా వెళ్లి ఆగడం. చూపు ముందు చక్రం మీద కాదు, దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీద.

రెండో ఉదయం: బ్రేకులు

ఈ రెండు గంటలు తగ్గించొద్దు. బ్రేకు పట్టగానే బరువంతా ముందుకు వస్తుంది, ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. అందుకే పొడి రోడ్డు మీద ఆపే శక్తిలో సుమారు 70 శాతం ముందు బ్రేకుదే. వెనక బ్రేకు ఒక్కటే తొక్కేవాళ్ల బండి దాదాపు రెట్టింపు దూరం పోతుంది, పైగా వెనక చక్రం బిగుసుకుని తోక తిప్పుతుంది.

మరి ముందు బ్రేకుతో పడిపోయేవాళ్లు ఎందుకు పడిపోతున్నారు? రెండు కారణాలు. బరువు ముందుకు రాకముందే ఒక్కసారిగా లివర్ లాగేయడం ఒకటి, హ్యాండిల్ తిప్పి ఉండగా పట్టడం ఇంకోటి. లివర్‌ను నిమ్మకాయ పిండినట్టు పట్టాలి: మొదట మెల్లగా, బండి ముందుకు వంగిందని తెలిశాక ఇంకా గట్టిగా. హ్యాండిల్ నేరుగా ఉండాలి.

సాధన ఇలా చేయండి. రోడ్డుకు అడ్డంగా రెండు బాటిళ్లు పెట్టి, వాటి దగ్గరికి రాగానే బ్రేకు వేయాలి. సెకండ్ గేరులో 20 వేగం. ముందుగా వెనక బ్రేకుతోనే ఐదుసార్లు, తర్వాత ముందు బ్రేకుతోనే ఐదుసార్లు, ఆ తర్వాత రెండూ కలిపి పదిసార్లు. ప్రతిసారీ ఆగిన చోట రాయి పెట్టి అడుగులతో కొలవండి. మూడు రాళ్ల గుంపులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూశాక ముందు బ్రేకు గురించి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. చెయ్యి కుదిరాక 30 వేగంలో, చివరికి 40లో. తడబడితే వేగం పెంచకండి, మర్నాడు చూసుకోవచ్చు.

ఆగే క్షణంలో ఏం తప్పులు జరుగుతాయో కూడా చెప్పుకోవాలి. కళ్లు కిందికి పోతాయి, బండి కూడా కిందికే పోతుంది. కంగారులో బ్రేకు కంటే ముందు క్లచ్ పట్టేస్తారు, అప్పుడు ఇంజన్ పట్టు పోయి బండి తేలిపోతుంది. బ్రేకులు ముందు, క్లచ్ ఆఖరున. ఆగాక ఎడమ కాలు నేల మీద, కుడి కాలు బ్రేకు మీద, బండి ఫస్ట్ గేరులో ఉండాలి. మూడో గేరులోనే ఆగిపోయి, వెనక బస్సు హారన్ కొడుతుంటే గేర్లు వెతుక్కోవడం మన సిగ్నళ్ల దగ్గర రోజూ కనిపించేదే.

125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ ఉంటుంది, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు. అది పనిచేసేటప్పుడు లివర్ వేళ్ల కింద కొట్టుకుంటుంది, భయపడి వదలొద్దు. 125 సీసీ వరకు చాలావాటికి సీబీఎస్, అంటే రెండు బ్రేకులనూ కలిపే ఏర్పాటు, ఉంటుంది. స్కూటీలో ఎడమ లివర్ పట్టినా, బైకులో పెడల్ తొక్కినా ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. కొంతే. కుడి చేత్తో విడిగా పట్టే అలవాటు మానొద్దు.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి. ప్రమాదం చూసి చెయ్యి బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను అనుకుంటే, 40 వేగంలో ఆ సెకనులోనే 11 మీటర్లు పోతాం. బాగా బ్రేకు వేసినా ఇంకో 10 మీటర్లు. మొత్తం 21. వేగం 60 అయితే అదే లెక్క 40 మీటర్లకు చేరుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే దూరం దాదాపు రెట్టింపు. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ.

మూడో ఉదయం: మలుపులు, ఎనిమిది

ఎనిమిది వేయడంలో కిటుకంతా మూడు చోట్ల ఉంది. క్లచ్ పట్టే చోటే ఉంచి, ఎక్సలేటర్ ఒకే తీరుగా ఉంచి, వేగాన్ని వెనక బ్రేకుతో తేలిగ్గా అదుపు చేయడం. ముందు బ్రేకు మీద వేళ్లు పూర్తిగా తీసేయండి, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు దాన్ని తాకితే బండి అక్కడే ఒరుగుతుంది. చూపు బండి కంటే పావు వలయం ముందు ఉండాలి, తల తిప్పి మరీ చూడాలి. మొదట పెద్ద ఎనిమిది, ఒక్కో వలయం పది మీటర్ల వెడల్పు. కుదిరాక తగ్గిస్తూ రండి.

పరీక్ష రోజు జనం తప్పేది బ్యాలెన్సులో కంటే చిన్న విషయాల్లోనే: ఇండికేటర్ వేసి ఆపడం మర్చిపోవడం, తిరిగే ముందు భుజం మీదుగా వెనక్కి చూడకపోవడం, హెల్మెట్ పట్టీ వదిలేయడం.

యూ-టర్న్, ఎడమ, కుడి మలుపులు కూడా ఈ రోజే. వేగం తగ్గించడం, గేరు మార్చడం మలుపుకు ముందే అయిపోవాలి.

నాలుగో ఉదయం: తప్పించుకోవడం

30 వేగంలో వెళ్తూ అడ్డం వచ్చిన కుక్కను తప్పించాలంటే శరీరం ఒంచితే సరిపోదు. ఎడమకు పోవాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ బండి ఎడమకే ఒరుగుతుంది. రెండు బాటిళ్లు పెట్టి, నేర్పేవాళ్లు చివరి క్షణంలో చెయ్యి చూపిన వైపు తప్పుకోవడం సాధన చేయండి. తప్పుకునేటప్పుడు బ్రేకు వద్దు. బ్రేకు వేయాలంటే తప్పుకోక ముందో, బండి నేరుగా అయ్యాకో.

గుంతలు, స్పీడ్ బ్రేకర్లు: ముందే వేగం తగ్గించి, ఎక్కేటప్పుడు బ్రేకు వదిలేసి, ఫుట్ రెస్టుల మీద కొంచెం లేవండి. రైలు పట్టాలను అడ్డంగా దాటండి, ఏటవాలుగా కాదు.

ఐదో ఉదయం: రోడ్డు

తిరుపతిలో మొదటిసారి లీలామహల్ సర్కిల్, బస్టాండు, అలిపిరి వైపు పోవద్దు. ఆదివారం ఉదయం ఆరింటికి ఎయిర్ బైపాస్ రోడ్డు బాగుంటుంది. చిత్తూరువాళ్లు గాంధీ సర్కిల్ జోలికి పోకుండా ఊరి బయట రోడ్డు ఎంచుకోండి. నేర్పేవాళ్లు ఇంకో బండి మీద వెనక రావాలి.

తిరుపతి రోడ్ల తీరు వేరు. ముందున్న కారుకు ఊరు కొత్త, డ్రైవరు ఫోనులో దారి చూస్తూ ఉంటాడు, లాడ్జి బోర్డు కనిపించగానే ఇండికేటర్ లేకుండా ఆపుతాడు. వేరే రాష్ట్రం నంబరు ప్లేటు కనిపిస్తే దూరం రెట్టింపు చేయండి. ఆటో ఎడమవైపు కదులుతోందంటే పక్కన చెయ్యెత్తినవాళ్లు ఉన్నట్టు. బస్సుకు ఎడమ పక్కన ఎప్పుడూ నిలబడొద్దు. డ్రైవరు ముఖం మీకు అద్దంలో కనిపించడం లేదంటే మీరు అతనికి లేనట్టే. తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు) రాత్రుళ్లు పుత్తూరు, చిత్తూరు రోడ్ల అంచున నడిచి వచ్చే భక్తులు ఉంటారు, ఎదుటి లైట్ల వెలుగులో కనిపించరు. జూన్, జూలైలో చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి లోడు ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరతాయి. చాలావాటికి వెనక లైటు ఉండదు, నలిగిన కాయల మీద టైరు జారుతుంది. చిత్తూరు హైవే మీద సర్వీసు రోడ్డు వదిలి ఎదురు వచ్చే బండ్లు కూడా ఉంటాయి, ఎడమ అంచునే నమ్ముకోవద్దు.

వాన మొదలైన మొదటి పావుగంట అన్నిటికంటే ప్రమాదం, రోడ్డు మీది నూనె తేలుతుంది. తెల్ల గీతలు, ఇనుప మూతల మీద బ్రేకు, మలుపు రెండూ వద్దు.

ఘాట్ రోడ్డు ఎప్పుడు

కనీసం రెండు, మూడు నెలలు ఊళ్లో తిరిగాక. తిరుమలకు ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి మొదటిది. రెండూ ఒకవైపు దారులే. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కంటే తక్కువ తీసుకోకూడదని నిబంధన. దిగేటప్పుడు సగటున 30 లోపు వేగమన్నమాట. టూ వీలర్లను ఏ వేళల్లో వదులుతారో అలిపిరిలో అడిగి బయలుదేరండి, చిరుతల భయం ఉన్నప్పుడు ఆ వేళలు మారుస్తుంటారు.

ఇబ్బంది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఉంటారు. బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. వెనక చక్రంలోని బ్రేకు డ్రమ్ము కాగిపోయి, పెడల్ తొక్కినా పట్టు దొరకదు. బైకు అయితే సెకండ్ లేదా థర్డ్ గేరులో దిగండి, ఇంజనే ఆపుతూ ఉంటుంది. స్కూటీకి ఆ వెసులుబాటు తక్కువ, వేగం బాగా తగ్గితే దాని క్లచ్ విడిపోయి ఇంజన్ పట్టే ఉండదు. కాబట్టి బ్రేకు అదేపనిగా పట్టి ఉంచకుండా, గట్టిగా పట్టి వేగం తగ్గించి వదలండి, మళ్లీ పట్టండి. బ్రేకు మెత్తబడినట్టు అనిపించినా, కాలిన వాసన వచ్చినా వెడల్పుగా ఉన్నచోట ఆపి పావుగంట వదిలేయండి. తొందర చల్లార్చాలని డ్రమ్ము మీద, డిస్కు మీద నీళ్లు పోయొద్దు. కాగిన ఇనుము ఒక్కసారి చల్లారితే వంకర పోవచ్చు, పగలొచ్చు.